ఫోన్‌లో జాగా లేదు, అప్‌డేట్ వచ్చింది: ఉన్నవి తీసెయ్యడమా, కంప్యూటర్‌కి తగిలించడమా?

"64 జీబీ ఫోన్, మిగిలింది 3 జీబీ, అప్‌డేట్ 6 జీబీ కావాలంటోంది. ఏం తీసెయ్యాలి?" వైజాగ్‌లో గాజువాక నుంచి మధురవాడ దాకా అందరిదీ ఇదే ప్రశ్న. అప్‌డేట్ ఫైలు ఎక్కడ దిగుతుందో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

వైఫైలో అప్‌డేట్ పెడితే ఫైలు ఫోన్‌లోకే దిగి, ఫోన్‌లోనే విప్పుకుంటుంది. అందుకే ఫైలు సైజు కంటే చాలా ఎక్కువ ఖాళీ అడుగుతుంది. కంప్యూటర్‌కి తగిలిస్తే ఆ బరువంతా కంప్యూటర్ డిస్కు మోస్తుంది. ఫోన్‌లో కాస్త ఖాళీ ఉంటే సరిపోతుంది, ఫొటోలు తీసెయ్యాల్సిన పని చాలాసార్లు రాదు.

కాబట్టి ఐఫోన్, ఐప్యాడ్ ఉన్నవాళ్లకి, ముఖ్యంగా 32 జీబీ పాత ఐప్యాడ్ వాడేవాళ్లకి, నా మాట కంప్యూటరే. మ్యాక్‌లో ఫైండర్, విండోస్‌లో యాపిల్ డివైసెస్ యాప్ లేదా ఐట్యూన్స్ తెరవండి. ముందు బ్యాకప్ తీయండి. అక్కడ ఎన్‌క్రిప్ట్ (బ్యాకప్‌కి పాస్‌వర్డ్‌తో తాళం వేయడం) టిక్ పెట్టకపోతే సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు, హెల్త్ డేటా బ్యాకప్‌లోకి రావు. ఆ తర్వాత "అప్‌డేట్" నొక్కండి. దగ్గర్లోనే "రీస్టోర్" అని ఉంటుంది, అది నొక్కితే ఫోన్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

ఈ దారిలోనూ చిక్కులున్నాయి. కంప్యూటర్‌లోకి దిగేది పూర్తి ఫైలు, చాలా జీబీలుంటుంది. రోజుకి 1.5 జీబీ ప్యాక్ హాట్‌స్పాట్‌తో తెమలదు, ఇంటి బ్రాడ్‌బ్యాండ్ కావాలి. ఆ ఫైలుకీ బ్యాకప్‌కీ సీ డ్రైవ్‌లో చోటుండాలి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చౌక కేబుల్‌తో కంప్యూటర్ ఫోన్‌ని గుర్తించదు. ఇక అక్టోబర్, నవంబర్‌లలో తుపాను గాలులకి వైజాగ్‌లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కనుక, యూపీఎస్ లేని డెస్క్‌టాప్ కంటే ఛార్జింగ్ నిండా ఉన్న ల్యాప్‌టాప్ మేలు. మధ్యలో ఆగిపోయి స్క్రీన్ మీద కేబుల్, కంప్యూటర్ బొమ్మ వస్తే కంగారుపడొద్దు. మళ్లీ తగిలించి "అప్‌డేట్" ఎంచుకోండి, డేటా అలాగే ఉంటుంది. డౌన్‌లోడ్ 15 నిమిషాలు దాటితే ఫోన్ ఆ స్క్రీన్ నుంచి బయటికొచ్చేస్తుంది. డౌన్‌లోడ్ పూర్తవనిచ్చి, ఫోన్‌ని మళ్లీ ఆ స్క్రీన్‌కి తెచ్చి అప్‌డేట్ నొక్కాలి.

ఆండ్రాయిడ్‌కి లెక్క వేరు. శాంసంగ్‌కి కంప్యూటర్ నుంచి అప్‌డేట్ చేసుకోవడానికి స్మార్ట్ స్విచ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. చాలా బ్రాండ్లకి మామూలు వాడుకరి చేసుకోగలిగే అలాంటి దారి లేదు. జగదాంబ, ద్వారకానగర్ షాపుల్లో ఫ్లాషింగ్ (కంప్యూటర్ నుంచి ఫోన్‌లోకి సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించడం) చేయించేముందు డేటా పోతుందా లేదా అని అడిగి తీరాలి. అందుకే ఆండ్రాయిడ్ వాడేవాళ్లకి ఫోన్‌లో ఖాళీ చేసుకోవడమే మేలు.

మొదట చూడాల్సింది వాట్సాప్. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్. 5 ఎంబీ దాటినవీ, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవీ విడివిడిగా కనిపిస్తాయి. ఆ తర్వాత ఫైల్ మేనేజర్‌లో వాట్సాప్ వీడియోల ఫోల్డర్ తెరిచి "సెంట్" చూడండి. మీరు పంపిన ప్రతి వీడియోకీ ఇంకో కాపీ అక్కడ పడి ఉంటుంది, గ్యాలరీలో కనపడదు. డేటాబేసెస్ ఫోల్డర్‌లో రోజువారీ చాట్ బ్యాకప్‌లుంటాయి. పేరులో తేదీ ఉన్న పాతవి తీసెయ్యొచ్చు, తేదీ లేని తాజా ఫైలుని మాత్రం ముట్టుకోవద్దు.

తీసేశాక కూడా ఖాళీ పెరగలేదంటే చెత్తబుట్ట ఖాళీ చేయలేదన్నమాట. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటో 60 రోజులు, ఐఫోన్‌లో తీసేసిన ఫొటో 30 రోజులు అక్కడే ఉంటుంది. యాప్ తాత్కాలిక ఫైళ్లు తీసేసే "క్లియర్ క్యాష్"తో వచ్చే ఖాళీ నాలుగు రోజుల్లో మళ్లీ నిండుతుంది. ఇక "క్లియర్ డేటా" నొక్కారంటే యాప్‌లో లాగిన్ సహా అన్నీ పోతాయి.

ఎస్‌డీ కార్డు ఫొటోలు తరలించడానికి పనికొస్తుంది, అప్‌డేట్ దానిలోకి దిగదు. క్లౌడూ అంతే, ఎక్కించాక ఫోన్‌లోని కాపీ పోతేనే లాభం.

ఫ్యాక్టరీ రీసెట్ ఆఖరున. దానికి ముందు గూగుల్ పాస్‌వర్డ్ చేతిలో ఉండాలి, లేకపోతే ఫోన్ తెరుచుకోకపోవచ్చు. బ్యాంకుకి ఇచ్చిన నంబరు సిమ్ ఫోన్‌లోనే ఉంచండి, యూపీఐ యాప్‌లన్నీ దాని ఎస్‌ఎంఎస్‌తో మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి.