నాలుగు చలికాలాలు వాడాక: హీట్ ట్రేసింగ్ కంట్రోలర్‌లో ఎలక్ట్రికల్ అలారాలు

పైపుల్లో సరుకు గడ్డకట్టకుండా వాటి వెంట వేసిన హీటింగ్ కేబుళ్లను నడిపే కంట్రోలర్ ఇది. ఒక్కో సర్క్యూట్‌కు ఉష్ణోగ్రతతో పాటు కరెంటు, వోల్టేజీ, ఎర్త్ లీకేజీ (కేబుల్ నుంచి భూమిలోకి కారిపోయే కరెంటు) కూడా కొలుస్తుంది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను పడ్డ తిప్పల్లో సగం మా చేతులారా తెచ్చుకున్నవే. ఉష్ణోగ్రత సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను: మనం పెట్టిన ఉష్ణోగ్రత (సెట్ పాయింట్) దగ్గర నిలబెడుతుంది, వంక పెట్టలేం. ఇది అక్కరకు వచ్చేదీ అలారాల దగ్గరే, విసిగించేదీ అక్కడే.

మొదటి చలికాలంలో ‘లో కరెంట్’ అలారం (కరెంటు లిమిట్ కన్నా తగ్గితే మోగేది) మాకు నిద్ర లేకుండా చేసింది. మావి ఎక్కువగా సెల్ఫ్ రెగ్యులేటింగ్ కేబుళ్లు. చల్లగా ఉంటే ఎక్కువ కరెంటు లాగుతాయి, వేడెక్కేకొద్దీ తగ్గించుకుంటాయి. ఒక సర్క్యూట్ ఆన్ చేసిన క్షణాన 22 ఆంపియర్లు, కాసేపటికి 13, పైపు వేడెక్కాక 8 చూపేది. మొదట్లో ఎవరో చల్లటి పైపు మీద రీడింగ్ తీసి, లిమిట్ 10 దగ్గర పెట్టి వెళ్లారు. ఇంకేముంది, పైపు సరిగ్గా వేడెక్కిన ప్రతిసారీ అలారం! పని బాగా జరిగినందుకు కేకలన్నమాట. ‘నాన్నా పులి’ కథలాగే, పదిసార్లు పరుగెత్తిన ఆపరేటర్ పదకొండోసారి కదల్లేదు. ఆ పదకొండోసారే ఇన్సులేషన్ పనివాళ్లు ఒక బ్రాంచి కేబుల్ తెంపేశారు. తెల్లారేసరికి ఆ బ్రాంచిలో సరుకు గడ్డకట్టింది.

ఇప్పుడు నేను చేసేది ఇది. పైపు సెట్ పాయింట్ చేరి కరెంటు నిలకడకు వచ్చాక రీడింగ్ తీస్తాను, క్లాంప్ మీటర్‌తో (తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) సరిపోల్చుకుంటాను, అందులో సగం దగ్గర లిమిట్ పెట్టి అయిదు నిమిషాల డిలే ఇస్తాను. ఉత్తుత్తి అలారాలు దాదాపు ఆగిపోయాయి. అయితే నిజం చెప్పాలి: ఆ రాత్రి తెగిన బ్రాంచి 3 ఆంపియర్లది. ఈ సెట్టింగ్ ఉన్నా దాన్ని పట్టేది కాదు. అందుకని ముఖ్యమైన బ్రాంచీల చివర విడిగా ఒక ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టించాం. సెల్ఫ్ రెగ్యులేటింగ్ కేబుల్‌కు లో కరెంట్ అలారం ఒక్కటే చాలనుకుంటే పొరపాటే.

కాన్‌స్టంట్ వాటేజ్ కేబుళ్ల దారి వేరు. వాటి కరెంటు పెద్దగా మారదు కాబట్టి మామూలు విలువలో 80 శాతం దగ్గరే లిమిట్ పెట్టుకోవచ్చు. కాకపోతే వోల్టేజీ పడిపోయినా కరెంటు తగ్గుతుంది. వోల్టేజీ 10 శాతం తగ్గితే వేడి 19 శాతం తగ్గుతుంది. లో వోల్టేజ్ అలారం కూడా ఆన్‌లో ఉంటే తప్పు కేబుల్‌దా, సప్లైదా అన్నది ప్యానెల్ ముందు నిలబడే తేల్చుకోవచ్చు. హై కరెంట్ అలారాన్ని మాత్రం సెల్ఫ్ రెగ్యులేటింగ్ సర్క్యూట్లలో ఆపేశాను. ఎలాగూ బ్రేకర్ ఉంది.

ఈ పెట్టెలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఎర్త్ లీకేజీ కొలత. మాది వచ్చినప్పుడు అలారం 20 మిల్లీ ఆంపియర్లు, ట్రిప్ 30 దగ్గర ఉన్నాయి. పొడవాటి కేబుల్ బాగున్నా కెపాసిటెన్స్ వల్ల కొంత లీకేజీ ఉంటుంది. మాదొకటి ఎప్పుడూ 9 చూపిస్తుంది. కాబట్టి అంకె ఎంత అన్నదానికన్నా ఎటు కదులుతోంది అన్నది చూడాలి. నెలకోసారి రాసుకుంటాను. ఒక సర్క్యూట్ మూడు నెలల్లో 6 నుంచి 9కి, అక్కణ్నుంచి 14కి పాకింది. అలారం ఇంకా రాలేదు. జంక్షన్ బాక్స్ విప్పితే గ్లాండ్ (కేబుల్ లోపలికి వెళ్లే చోట బిగించే బిగింపు) వదులై లోపల నీళ్లు! ట్రిప్ అయ్యాక రీసెట్ కొట్టి చూద్దాం, లిమిట్ పెంచి నడిపేద్దాం అనేవాళ్లు ప్రతి షిఫ్టులో ఒకరుంటారు. అందుకే ట్రిప్‌ను లాచింగ్‌లో (రీసెట్ చేసేదాకా తిరిగి ఆన్ కాకుండా) పెట్టి పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంచుకున్నాను. మెగ్గర్‌తో కేబుల్ ఇన్సులేషన్ పరీక్షించకుండా రీసెట్ లేదు.

ఎండాకాలంలో అవుట్‌పుట్ ఆఫ్‌లోనే ఉంటుంది. కరెంటే పారకపోతే కేబుల్ తెగిందో లేదో దానికెలా తెలుస్తుంది? ఇందుకోసం ఆటో సైకిల్ అని ఒక సెట్టింగ్ ఉంది: 24 గంటలకోసారి కాసేపు కేబుల్ ఆన్ చేసి పరీక్షించుకుంటుంది. మాకు వచ్చినప్పుడు ఇది ఆఫ్‌లో ఉంది. ఆన్ చేసిన ఏడాదే చలి రాకముందు చచ్చిన సర్క్యూట్లు రెండు దొరికాయి. వేడి తగిలితే పాడయ్యే సరుకున్న లైన్లకు మాత్రం ఆపేశాను. స్విచ్ ఫెయిల్ అలారం మాత్రం ఎక్కడా ఆపను. కేబుల్‌ను ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్ (సాలిడ్ స్టేట్ రిలే) చెడితే ఎక్కువగా షార్ట్ అయిపోతుంది, కేబుల్ ఆగకుండా వేడెక్కుతూనే ఉంటుంది.

గొణుగుడు రెండు. కంట్రోల్ రూమ్‌కు అలారం పంపే రిలే మామూలు స్థితిలో ఆఫ్‌లో ఉండేలా వచ్చింది. ఒకసారి కంట్రోలర్‌కే పవర్ పోయింది, కంట్రోల్ రూమ్‌లో చడీచప్పుడు లేదు. ఇప్పుడు అంతా బాగుంటే రిలే ఆన్‌లో ఉండేలా మార్చాం. పవర్ పోయినా అలారం వస్తుంది. రెండోది, ఒక సర్క్యూట్ సెట్టింగులు మిగతావాటికి కాపీ చేసే సదుపాయం అలారం లిమిట్లను కూడా మోసుకుపోతుంది. అది తెలియక ఒక సాయంత్రం 16 సర్క్యూట్ల లిమిట్లు తుడిచిపెట్టాను. నెలనెలా రాసుకున్న నోట్‌బుక్ ఉండబట్టి సరిపోయింది. తిరిగి ఎక్కించేసరికి అర్ధరాత్రి దాటింది.