పాత 3.0 బోటు ఇంజనుకి ఎలక్ట్రిక్ చోక్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

పాత బోటు ఇంజను పొద్దున్నే మొరాయించినా, వేడెక్కాక నల్లపొగ వదిలినా ముందుగా వినపడే మాట "కార్బ్యురేటర్ పోయింది, మార్చేయండి" అని. ఖర్చు తక్కువేమీ కాదు. నేను చూసినంతలో ఎక్కువసార్లు కార్బ్యురేటర్ శుభ్రంగానే ఉంటుంది, తేడా అంతా చల్లటి ఇంజను అంటుకోవడానికి గాలిని తగ్గించే చోక్‌లో ఉంటుంది. అందుకే ఈ సమీక్ష చోక్ ఒక్కదాని గురించే.

నాది 1988 మోడల్ బోరైడర్, అంటే ముందు భాగంలో కూడా సీట్లుండే బోటు. మెర్‌క్రూజర్ 3.0 లీటర్ల ఇంజను, నాలుగు సిలిండర్లు, 181 క్యూబిక్ అంగుళాలు. బ్లాక్ జీఎమ్‌ది, పోత ఇనుము. పైన రెండు బ్యారెళ్ల మెర్‌కార్బ్ కార్బ్యురేటర్, పక్కన పాయింట్లతో (తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్) నడిచే పాత తరం డిస్ట్రిబ్యూటర్. జార్జియాలో అట్లాంటాకి ఉత్తరాన ఉన్న లేక్ లేనియర్‌లో నడుపుతాను. ఈ సరస్సుకి ఆనుకునే ఉన్న కమింగ్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లలో సెకండ్ హ్యాండ్ బోటు కొనాలని చూసేవాళ్లకి ఇలాంటి ఇంజన్లే ఎక్కువ ఎదురవుతాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

బజాజ్ చేతక్‌కి చోక్ లాగి కిక్ కొట్టినవాళ్లకి దీని పని వేరే చెప్పక్కర్లేదు. చల్లటి ఇంజనులో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచితేనే అంటుకుంటుంది. స్కూటర్‌లో ఆ పని మన చేతిలో ఉండేది. ఇక్కడ కార్బ్యురేటర్ పక్కన గుండ్రటి నల్ల మూత ఉంటుంది, దాని లోపల రెండు లోహాలు అతికించి చుట్టిన పట్టీ, ఒక చిన్న హీటర్. చల్లగా ఉంటే పట్టీ బిగుసుకుని పైనున్న చోక్ రేకుని మూస్తుంది. కీ తిప్పగానే హీటర్‌కి కరెంటు అంది, పట్టీ వేడెక్కి, కొద్ది నిమిషాల్లో రేకు నిటారుగా తెరుచుకుంటుంది. అంతకు మించి ఇందులో ఏమీ లేదు. ఇంత సాదా వస్తువు కాబట్టే దీన్ని నమ్ముతాను.

నా బోటు మొదటి నుంచీ చల్లగా ఉన్నప్పుడు చక్కగా స్టార్ట్ అయ్యేది. గొడవంతా తర్వాతే. డాక్ దాటి, అలలు రేపకుండా పోవాల్సిన నో వేక్ జోన్‌లో మెల్లగా పోతుంటే తడబడేది, వెనక పెట్రోలు వాసన, నల్లపొగ. గేర్ వేస్తే ఆగిపోయేది. పిల్లలు బోటులో ఉండగా పక్కనుంచి పెద్ద బోట్లు పోతుంటే ఆ టెన్షన్ మామూలుది కాదు. ప్లగ్గులు విప్పితే మసి పట్టి నల్లగా ఉన్నాయి. ఇవన్నీ పెట్రోలు ఎక్కువవుతోందనే చెబుతాయి. ఒక మెకానిక్ కొత్త కార్బ్యురేటర్ వేయాల్సిందే అన్నాడు. అంతకన్నా ముందు నేను ఫ్లేమ్ అరెస్టర్ (కార్బ్యురేటర్ నోటి మీద ఉండే, మంట బయటికి రాకుండా ఆపే జాలీ మూత) తీసి, వేడెక్కిన ఇంజను మీద రేకు ఎక్కడుందో చూశాను. సగం కూడా తెరుచుకోలేదు.

అప్పుడు మల్టీమీటర్ పెట్టాను. కీ ఆన్ చేస్తే చోక్ టెర్మినల్ దగ్గర 12 వోల్టులు దాటి ఉండాలి. అక్కడ వచ్చింది 6. వైరు వెంట వెతుక్కుంటూ పోతే కారణం దొరికింది. పాత యజమాని ఎప్పుడో తెగిన వైరు బదులు ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గుల స్పార్క్‌కి కావాల్సిన కరెంటు ఇచ్చేది) పాజిటివ్ నుంచి కరెంటు లాగాడు. దగ్గరలో ఉంది కదా అని అనుకుని ఉంటాడు. కానీ పాయింట్ల సిస్టంలో కాయిల్‌కి వచ్చేది రెసిస్టెన్స్ వైరు, అందులో పూర్తి వోల్టేజి రాదు. హీటర్ వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. వోల్టేజి సగమైతే వేడి పావు వంతే. రేకు తెరుచుకోకపోవడంలో వింతేముంది? పైగా కాయిల్‌కి అందాల్సిన కరెంటు కూడా చోక్ లాగేసుకుంటుంది, స్పార్క్ నీరసిస్తుంది. ఒక్క వైరుతో రెండు రోగాలు.

ఆల్టర్నేటర్‌కి వెళ్లే పర్పుల్ వైరు కీతో పాటే ఆన్ అవుతుంది, అందులో పూర్తి బ్యాటరీ వోల్టేజి ఉంటుంది. మెరైన్ వైరుతో చోక్‌ని దానికి కలిపి, జాయింటు మీద హీట్ ష్రింక్ వేశాను. నల్లపొగ పోయింది. అదే కార్బ్యురేటర్ ఈనాటికీ నడుస్తోంది.

మీ ఇంజను మీద చూసుకోవాలంటే, ముందు ఇంజను పూర్తిగా చల్లగా ఉండాలి. ఫ్లేమ్ అరెస్టర్ తీయండి. గేర్ పడకుండా థ్రాటిల్ ఒక్కటే కదిలే బటన్ నొక్కి లివర్‌ని చివరిదాకా తోసి వెనక్కి తెండి. రేకు టక్కున మూసుకోవాలి. మూసుకోకపోతే వేలితో కదిపి చూడండి. ఎక్కడైనా పట్టేస్తుంటే షాఫ్ట్ రెండు చివర్లా, లింకేజీ మీదా కార్బ్ క్లీనర్ కొట్టి ఆడించండి. అక్కడ ఆయిల్ మాత్రం వేయకండి, దుమ్ము పట్టి మళ్లీ బిగుసుకుంటుంది. తర్వాత వోల్టేజి కొలవండి. పాయింట్లున్న ఇంజనైతే కొలత చూసి కీ వెంటనే ఆపేయాలి, లేకపోతే కాయిల్ కాలుతుంది. ఇక మఫ్స్ (ఒడ్డు మీద ఇంజనుకి గొట్టంతో నీళ్లు అందించే రబ్బరు కప్పులు) పెట్టి, నీళ్లు వదిలి, ఇంజను నడుపుతూ రేకు పూర్తిగా తెరుచుకునేదాకా గమనించండి. నీళ్లు లేకుండా స్టార్ట్ చేస్తే నీళ్ల పంపులోని రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లర్ పోతుంది.

వోల్టేజి బాగుండి, ఎర్త్ బాగుండి, మూత చల్లగానే ఉందంటే లోపలి హీటర్ పోయినట్టే. మూత ఒక్కటే మార్చుకోవచ్చు. అన్నీ పనిచేస్తూ కొంచెం తేడా ఉందంటే సెట్టింగ్ సంగతి. మూడు స్క్రూలు వదులు చేసి మూతని ఒక్క గీత తిప్పండి, అంతకన్నా ఎక్కువ వద్దు. ఫలితం చూడాలంటే ఇంజను మళ్లీ పూర్తిగా చల్లారాలి. రోజుకి ఒక్క మార్పే అనుకోండి. ఈ ఓపిక లేకే చాలామంది సెట్టింగ్ చెడగొట్టుకుంటారు.

ఇంకో సంగతి, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. చోక్ తెరుచుకోని ఇంజనులో కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి కిందికి దిగి ఇంజను ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే చోక్ బాగుచేశాక ఆయిల్ కూడా మార్చాలి.

లోపాలు లేవని అనను. ఈ చోక్‌కి ఇంజను వేడి తెలియదు, కీ ఎంతసేపు ఆన్‌లో ఉందన్నదే తెలుసు. కీ ఆన్‌లో పెట్టి పాటలు వింటూ కూర్చుంటే ఇంజను చల్లగా ఉండగానే రేకు తెరుచుకుంటుంది, ఆ తర్వాత సెల్ఫ్ ఎంత కొట్టినా కష్టమే. స్టార్ట్ చేసేముందు బ్లోయర్ (ఇంజను గదిలోని పెట్రోలు ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) 4 నిమిషాలు నడపాలని బోటులోనే హెచ్చరిక అంటించి ఉంటుంది, అది తప్పనిసరిగా పాటించాల్సిందే. ఆ 4 నిమిషాలూ కీ మాత్రం ఆఫ్‌లోనే ఉంచండి. దీనికి ఉల్టాగా, లంగరు వేసి పిల్లలు ఈత కొట్టే అరగంటలో మూత చల్లారిపోతుంది, ఇంజను వేడిగానే ఉన్నా రేకు కొంత మూసుకుంటుంది. అప్పుడు థ్రాటిల్ పంప్ చేయకుండా న్యూట్రల్‌లో సగం ముందుకి పెట్టి స్టార్ట్ చేస్తే అందుకుంటుంది. పెట్రోలు ఎక్కువై బాగా ఫ్లడ్ అయితే లివర్ చివరిదాకా తోయాలి, అన్‌లోడర్ అనే భాగం రేకుని కొంచెం తెరిచి పట్టుకుంటుంది.

ఈ ఇబ్బందులు చూసి మా బావగారు కేబుల్‌తో లాగే మాన్యువల్ చోక్ కిట్ వేసుకోమన్నారు. నేను వద్దన్నాను. మా ఇంట్లో బోటు నేనొక్కడినే నడపను, లాగిన చోక్‌ని వెనక్కి తోయడం ఎవరు మరిచిపోయినా మళ్లీ నల్లపొగ దగ్గరికే వస్తాం. కారు విడిభాగాల షాపులో చవగ్గా దొరికే కార్బ్యురేటర్ గురించి అడిగేవాళ్లు కూడా ఉన్నారు. దయచేసి వేయకండి. మెరైన్ కార్బ్యురేటర్‌లో పొంగిన పెట్రోలు బయటికి కారకుండా లోపలికే పోయేలా గొట్టాలు, షాఫ్టులు తయారుచేస్తారు. మూసి ఉన్న ఇంజను గదిలో కారిన పెట్రోలు ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. పరీక్ష అయ్యాక ఫ్లేమ్ అరెస్టర్ తిరిగి బిగించకుండా ఇంజను నడపొద్దని చెప్పేదీ అందుకే.

పాత 3.0 కొంటున్నవాళ్లకి నా సలహా: బేరం ఆడేముందు చల్లటి ఇంజను చూపించమనండి. రేకు మూసుకోవడం, తెరుచుకోవడం కళ్లారా చూడండి. అమ్మేవాళ్లు మీరు రాకముందే ఇంజను వేడిచేసి పెట్టి ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పండి.