నాలుగేళ్లుగా స్లర్మ్ వరుసలో: వంతు సరే, తూకం దగ్గరే పేచీ

నల్లగొండలో మా కాలేజీ ల్యాబుకు జీపీయూ సర్వర్లు (ఏఐ మోడళ్ల శిక్షణకు వాడే మిషన్లు) నాలుగు వచ్చిన కొత్తల్లో వాటికి షెడ్యూలరే లేదు, అంటే ఎవరి పని ఎప్పుడు నడవాలో తేల్చే సాఫ్ట్‌వేర్. వాట్సాప్ గ్రూపులో "ఈ రాత్రి రెండో మిషన్ నాది" అని ముందు రాసినవాడిదే రాజ్యం. ఆరు నెలలకు మాటామాటా పెరిగి, చివరికి స్లర్మ్ అనే షెడ్యూలర్ పెట్టారు. అప్పటినుంచి ఇప్పటికి నాలుగేళ్లు. నా పని బత్తాయి ఆకుల ఫొటోల్లో గజ్జి తెగులును గుర్తుపట్టే మోడల్‌కు శిక్షణ ఇవ్వడం. అడ్మిన్‌ను కాను, వరుసలో నిలబడేవాణ్ని. అక్కడినుంచి కనిపించిందే రాస్తున్నాను.

స్లర్మ్ అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో 2000ల మొదట్లో పుట్టింది. ఉచితం. ప్రపంచంలోని పెద్ద సూపర్‌కంప్యూటర్లలో చాలావాటిలో పనులు పంచేది ఇదే. మా నాలుగు డబ్బాలకు ఇంత పెద్ద సరంజామా ఎందుకని మొదట్లో నవ్వుకున్నా. కానీ గొడవకు మిషన్ల లెక్కతో పనిలేదు, ఇద్దరు మనుషులుంటే చాలు.

మాది మిర్యాలగూడ దిక్కు, సాగర్ ఎడమ కాలువలో ఒక మైనరు (చిన్న పిల్లకాలువ) చివర. వారబందీ, అంటే వంతులవారీగా నీళ్లు పంచడం, ఏమిటో చిన్నప్పటినుంచి చూస్తూ పెరిగా. అందుకే స్లర్మ్‌లో వంతు తేల్చే ఫెయిర్‌షేర్ పద్ధతి తొందరగానే తలకెక్కింది. ఈ క్షణంలో అందరికీ సమానంగా పంచడం దాని పని కాదు. ఎవరు ఇప్పటిదాకా ఎంత వాడుకున్నారో గుర్తుపెట్టుకుని, తక్కువ వాడినవాణ్ని ముందుకు జరుపుతుంది. పాత వాడకాన్ని మెల్లగా మరిచిపోతుంది కూడా. అడ్మిన్ మార్చకపోతే 7 రోజులకు సగం, 14 రోజులకు పావు మాత్రమే లెక్కలో మిగులుతుంది.

మరి నాకు కోపం ఎక్కడొచ్చిందంటే, ఒక దసరా సెలవుల్లో. అందరూ ఊళ్లకు పోయారు, మిషన్లన్నీ ఖాళీ. పది రోజులు నేనొక్కణ్నే దున్నుకున్నా. సెలవులయ్యాక చూస్తే నా జాబులన్నీ (నడపమని స్లర్మ్‌కు ఇచ్చిన పనులు) వరుసలో అట్టడుగున. ఎవరికీ అక్కరలేని నీళ్లు పారించుకున్నందుకు కూడా నా ఖాతాలో రాసిందన్నమాట. రెండు వారాలు ఓపిక పడితే సర్దుకుంది కానీ, ఆ రెండు వారాల్లోనే నా పేపర్ గడువు దాటిపోయింది.

ఇంకో చిక్కు ఉంది, చాలామంది గమనించరు. 19.05 వెర్షన్ నుంచి ఫెయిర్ ట్రీ అనే పద్ధతే మామూలుగా నడుస్తోంది. అది ముందు విభాగాలను పోలుస్తుంది, ఆ తర్వాతే విభాగం లోపలి మనుషులను. మా విభాగంలో ఒకాయన ఎడాపెడా వాడితే విభాగం మొత్తం కిందికి దిగుతుంది. నేను నెల రోజులు ఏమీ నడపకపోయినా పక్క విభాగంలో రోజూ వాడేవాడు నాకంటే ముందుంటాడు. మేజరుకు (పెద్ద కాలువకు) నీళ్లు వదిలితేనే కదా మైనరుకు, మైనరుకు వస్తేనే కదా మా మడికి! న్యాయమేనంటే న్యాయమే, నాకు మాత్రం మింగుడు పడదు.

అసలు తంటా తూకంలో. వాడకాన్ని దేనితో కొలవాలో అడ్మిన్ చెప్పకపోతే స్లర్మ్ సీపీయూ కోర్‌లను మాత్రమే లెక్కేస్తుంది. మా దగ్గర ఏడాదిన్నర అట్లాగే నడిచింది. ఒక సీనియర్ నాలుగు కోర్‌లు, నాలుగు జీపీయూలు తీసుకుని వారాలకు వారాలు నడిపేవాడు. నేను ఫొటోలు కత్తిరించడానికి ఒక్క జీపీయూ కూడా తాకకుండా 48 కోర్‌లు పట్టేవాణ్ని. లెక్కలో నేను దొంగను, ఆయన దొర. ఎవరి వాడకం ఎంతో చూపే ఎస్‌షేర్ కమాండ్‌తో తీసిన పట్టీలు పట్టుకుపోయి చూపిస్తే గానీ జీపీయూకు, మెమరీకి విడిగా బరువులు పెట్టలేదు. ఒకడు కోర్‌లు ఎక్కువ, ఇంకొకడు మెమరీ ఎక్కువ వాడేచోట ఎవరు దేనిలో ఎక్కువ వాటా తీసుకుంటున్నారో దాన్నిబట్టి కొలవాలని బర్కిలీ పరిశోధకులు 2011లోనే చెప్పారు. స్లర్మ్‌లో అచ్చం అదే లేదు గానీ, అన్నీ కలిపి కూడకుండా సర్వర్‌లో ఎక్కువ బరువున్నదాన్నే లెక్కలోకి తీసుకునే ఏర్పాటు ఉంది. మా దగ్గర ఇప్పుడు నడిచేది అదే.

ఇక ప్రీఎంప్షన్, అంటే నడుస్తున్న జాబ్‌ను లేపి ఇంకొకదానికి జాగ ఇవ్వడం. మాకు రెండు వరుసలు: ప్రాజెక్టులది ఒకటి, ఖాళీ ఉన్నప్పుడు ఎవరైనా వాడుకునేది ఇంకొకటి. ప్రాజెక్టు జాబ్ వచ్చిందంటే ఖాళీ వరుసలోది లేవాల్సిందే. మొదటిసారి నాకు తగిలింది 31 గంటల శిక్షణ అయ్యాక. అడ్మిన్‌ను అడిగా.

"అన్నా, నా జాబ్‌ను ఎవలు చంపిండ్రు?"

"ఎవలు చంపలే తమ్మీ, ప్రాజెక్టోళ్లకు జాగ ఇచ్చింది. మల్ల క్యూలనే ఉంది సూడు."

ఉంది, నిజమే. కానీ తిరిగి మొదలైనప్పుడు స్క్రిప్టు మొదటి లైను నుంచే నడిచింది. పైగా పాత లాగ్ ఫైల్‌ను తుడిచేసి దాని మీదే రాసింది. మామూలు సెట్టింగే అంత. ఫైల్‌కు కొనసాగింపుగా రాయమని మనమే చెప్పాలి.

గ్రేస్ టైమ్, అంటే జాబ్‌ను లేపేముందు ఇచ్చే వ్యవధి, కూడా ఎవరూ పెట్టకపోతే సున్నా. బతిమాలితే 300 సెకన్లు ఇచ్చారు. అయినా నా ప్రోగ్రామ్ సేవ్ చేసుకోకుండానే పోయేది. మూడు వారాలు తల బాదుకున్నాక తేలిందేమిటంటే, మొదట వచ్చే హెచ్చరిక సిగ్నల్ ఎస్‌రన్ అనే స్లర్మ్ కమాండ్‌తో మొదలుపెట్టిన పనులకే అందుతుంది, బ్యాచ్ స్క్రిప్టుకు (జాబ్‌గా మనం ఇచ్చే స్క్రిప్టుకు) అందదు. నేనేమో స్క్రిప్టులో పైథాన్‌ను నేరుగా నడుపుతున్నా. ముందు ఎస్‌రన్ అనే ఒక్క మాట చేర్చాక అంతా దారికొచ్చింది. ఇప్పుడైతే అరగంటకోసారి చెక్‌పాయింట్ (అప్పటిదాకా అయిన శిక్షణ) రాసుకుంటా, సిగ్నల్‌ను నమ్ముకుని కూర్చోను.

చంపే బదులు ఆపి ఉంచొచ్చు కదా అని సస్పెండ్ కూడా పెట్టి చూశారు. ఒక్క రోజులో తీసేశారు. ఆగిన జాబ్ మెమరీని వదలదు, జీపీయూనూ వదలదు. వచ్చినవాడికి ఆ జీపీయూ దొరకదు, ఆగినవాడికి పని జరగదు.

బ్యాక్‌ఫిల్ మాత్రం బంగారం. పెద్ద జాబ్ కోసం జాగ పోగుచేస్తున్నంతసేపు మధ్య సందుల్లో చిన్నవాటిని నడిపించేస్తుంది. జాబ్‌కు ఎంత సమయం కావాలో మనమే రాయాలి. అందరూ భయపడి 7 రోజుల గడువు రాస్తారు. నేను నిజంగా పట్టే 4 గంటలే రాస్తా. నా జాబులు సందుల్లోంచి దూరిపోతాయి. ఈ కిటుకు మా విభాగంలో ఇంకా ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నా కాబట్టి ఇక దాపరికం లేదు.

మార్కులేయమంటే 5కి 4. తగ్గించిన ఆ ఒక్కటీ మామూలు సెట్టింగుల మీది కోపంతోనే. ఇద్దరు ముగ్గురే వాడుకునే ఒక్క సర్వర్ ఉంటే ఇది వద్దు, గోడ మీద కాగితం చాలు. పదిమంది దాటితే పెట్టుకోండి. బరువులు, గ్రేస్ టైమ్, లాగ్ ఫైల్ సంగతి మాత్రం మొదటి రోజే అడ్మిన్‌తో తేల్చుకోండి.

జాబ్ ఎప్పుడు మొదలవుతుందో అంచనా కూడా చూపిస్తుంది. మొన్న నాకు శుక్రవారం పొద్దున అని చూపించి బుధవారం రాత్రే మొదలుపెట్టింది. అంతకుముందు రేపు అని చెప్పి నాలుగు రోజులు తిప్పింది. ఆ గడి వైపు చూడటం మానేశా.