సగం రిటైర్మెంటు ఇంట్లో ఎకో షో 8: వార్తలు, పాటలు, పిల్లల పిలుపులు

ఉద్యోగం పూర్తిగా మానకుండా, రోజుకు మూడు నాలుగు గంటల పని చేతిలో పెట్టుకున్నవాళ్ల ఇంట్లో మిగతా రోజంతా టీవీ చేతికి పోతుంది. వార్తల కోసం పెడతారు. పది నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పేసినా టీవీ ఆగదు, అదే వార్త మీద చర్చ, చర్చ మీద చర్చ. కాసేపటికి ఎవరూ చూడరు, ఎవరూ కట్టేయరు. అడిగినప్పుడు పలికి, ఆ తర్వాత నోరు మూసుకునే వస్తువు ఒకటి ఇంట్లో ఉంటే ఆ పూట మళ్లీ మన చేతికి వస్తుంది. మాటతో పనిచేసే, తెర ఉన్న స్పీకర్ అమెజాన్ వాళ్ల ఎకో షో 8 అలాంటి వస్తువే. కాకపోతే అట్టపెట్టెలోంచి తీసిన రోజున అలా ఉండదు. సెట్టింగుల మీద ఒక గంటన్నర కూర్చుంటేనే దారికొస్తుంది. ఆ గంటన్నర పెట్టలేనివాళ్లు దీన్ని కొనొద్దు.

ఇక్కడ రాస్తున్నది 2021లో వచ్చిన రెండో తరం మోడల్ గురించి. 8 అంగుళాల తెర, 1280×800 రిజల్యూషన్, 13 మెగాపిక్సెల్ కెమెరా, 2 అంగుళాల స్పీకర్లు రెండు. కెమెరా కుడివైపు మూలన ఉంటుంది కాబట్టి వీడియో కాల్‌లో మన చూపు కొంచెం పక్కకు పోయినట్టు కనిపిస్తుంది. 2023లో వచ్చిన మూడో తరంలో కెమెరాను మధ్యకు జరిపారు. పిల్లలతో మాట్లాడటానికే కొంటుంటే ఈ ఒక్క తేడా కోసం మూడో తరమే తీసుకోవచ్చు.

ముందు ఎక్కడ పెట్టాలన్నది తేల్చుకోండి. ఇందులో బ్యాటరీ లేదు, ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండాలి. అడాప్టర్ 30 వాట్లది. రౌటర్ల కోసం దొరికే 12 వోల్టుల మినీ యూపీఎస్‌ను దీనికి తగిలించొద్దు, వోల్టేజీ కుదరదు. కరెంటు పోయినప్పుడు కూడా పనిచేయాలంటే ఇల్లంతటికీ ఉన్న ఇన్వర్టర్ లైను మీదున్న ప్లగ్గే చూసుకోవాలి. గోడకు ఆనించకుండా జానెడు ఎడం వదలండి. గోడకు మరీ దగ్గరగా ఉంటే మంద్రపు మోత ఎక్కువై పాట స్పష్టంగా వినిపించదు, మన మాటను పట్టుకోవడంలోనూ తడబడుతుంది. మనం కూర్చునే కుర్చీ వెనక కిటికీ ఉండకూడదు. ఉంటే అవతలివాళ్లకు మన మొహం నల్లటి నీడలా కనబడుతుంది, కెమెరా ఎంత మంచిదైనా ఇంతే. వెలుతురు మన మొహం మీద పడాలి, అంటే కిటికీ ఈ పెట్టె వెనకో పక్కనో ఉండాలి. వంటింట్లో పెట్టేవాళ్లు పొయ్యికీ సింకుకూ దూరంగా పెట్టండి. టీవీ పక్కన మాత్రం అసలొద్దు. దీన్ని పిలిచే పేరు ‘అలెక్సా’, టీవీలో ఎవరో ఆ మాట అన్నా ఇది ‘ఊఁ’ అంటుంది. ఇంట్లో ఆ పేరుకు దగ్గరగా పలికే మనిషి ఉంటే సెట్టింగుల్లో పిలుపు మాటను ‘ఎకో’గానో ‘కంప్యూటర్’గానో మార్చుకోవచ్చు.

తెర వంపు మారదు. టేబుల్ మీద పెడితే కూర్చున్నవాళ్లకు సరిపోతుంది, వంటగట్టు మీద పెట్టి నిలబడి చూస్తే తెర మన పొట్టతో మాట్లాడుతున్నట్టుంటుంది. వంచుకునే స్టాండు విడిగా అమ్ముతారు. నిలబడి వాడే చోటైతే అది కొనుక్కోవాల్సిందే.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ఎక్కువ ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. కొడుకో కూతురో తమ అమెజాన్ ఖాతాతో మొదలుపెట్టేస్తారు. ఆ తర్వాత వాళ్లు ఆర్డర్ చేసిన సరుకుల కబుర్లు, వాళ్ల క్యాలెండర్, వాళ్ల పాటలు అన్నీ అమ్మానాన్నల తెర మీద కనిపిస్తాయి. ఫోన్ కాంటాక్టులూ వాళ్లవే వస్తాయి. కాబట్టి వాడే మనిషి పేరుతోనే ఖాతా తెరవండి. దీన్ని ఫోన్ నుంచి నడిపే అలెక్సా యాప్ కూడా ఆ మనిషి ఫోన్‌లోనే ఉండాలి. ఆ వెంటనే యాప్‌లో వాయిస్ పర్చేజింగ్ ఆపేయండి. ఆపకపోతే మాటలో మాటగా అన్నదాన్నే ఆర్డరనుకునే ప్రమాదముంది.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. అమెజాన్ దీన్ని మనకు ఏదో ఒకటి చూపిస్తూ ఉండేలా తయారుచేసింది. గడియారం కనబడాల్సిన తెర మీద ‘ఇది అడిగి చూడండి’, ‘అది కొని చూడండి’ అంటూ కార్డులు తిరుగుతుంటాయి. తెర పైనుంచి వేలితో కిందకు లాగితే సెట్టింగ్స్ వస్తుంది, అందులో హోమ్ కంటెంట్ దగ్గర పెద్ద జాబితా ఉంటుంది. ట్రెండింగ్ వార్తలు, సూచనలు, వంటకాలు, ఆటలు అన్నీ ఒక్కొక్కటిగా ఆఫ్ చేసుకుంటూ వెళ్లాలి. ఫొటోలు, వాతావరణం, క్యాలెండర్ ఈ మూడూ ఉంచితే చాలు. ఎన్ని ఆపినా సూచనలు పూర్తిగా పోవు, అప్పుడప్పుడు ఒకటి తొంగిచూస్తుంది. డబ్బిచ్చి కొన్న వస్తువులో ఇది ఉండకూడని లోపమే, అందుకే దీనికి పూర్తి మార్కులు వేయలేం. మెనూల వరుస అప్‌డేట్లతో మారుతుంటుంది, దొరక్కపోతే ఇక్కడ రాసిన పేర్ల కోసమే వెతకండి.

వార్తల విషయానికొస్తే, ఫ్లాష్ బ్రీఫింగ్ అనే ఏర్పాటు ఉంది. యాప్‌లో న్యూస్ సెట్టింగుల్లోకి వెళ్లి ఏ సంస్థల వార్తలు కావాలో, ఏ వరుసలో కావాలో మనమే ఎంచుకోవచ్చు. మూడుకు మించి పెట్టొద్దు. ఒకటి ప్రపంచ వార్తలది, ఒకటి మన ప్రాంతానిది, మూడోది మన పనికో ఇష్టానికో సంబంధించినది. అయిదారు పెడితే ఒకే సంగతి అయిదు గొంతుల్లో వినాల్సొస్తుంది, మళ్లీ టీవీ కథే. నచ్చని వార్త వస్తే ‘నెక్స్ట్’ అంటే ముందుకు పోతుంది. అయిపోగానే ఆగిపోతుంది. ఈ ఆగిపోవడం కోసమే దీన్ని కొనొచ్చు. వార్తను వినేసి, తర్వాత దాని గురించి ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవడానికి నిశ్శబ్దం మిగులుతుంది.

ఇక భాష. తెలుగులో అడిగితే దీనికి అర్థం కాదు. ఇంగ్లీషులోనో హిందీలోనో పొట్టి వాక్యాలు పలకాల్సిందే. దీనివల్ల ఎక్కువ తిప్పలొచ్చేది పాటల దగ్గర. తెలుగు పాట పల్లవి చెబితే ఇంగ్లీషు చెవితో వింటుంది కాబట్టి ఇంకేదో పాట ఎత్తుకుంటుంది. నాలుగైదు సార్లు ఇలా జరిగితే పెద్దవాళ్లు విసిగి దాన్ని మూలన పెట్టేస్తారు. దీనికి మందు ఉంది. వాడే పాటల సర్వీసులో ఫోన్ మీద కూర్చుని పాటలు ఏరి జాబితాలు చేయండి, వాటికి తెలుగు పేర్లు పెట్టకుండా ‘మార్నింగ్ వన్’, ‘ఈవినింగ్ టూ’ అని తేలికైన ఇంగ్లీషు పేర్లు పెట్టండి. తర్వాత యాప్‌లో ఆ సర్వీసునే డిఫాల్టుగా ఎంచుకోండి. లేకపోతే అడిగిన ప్రతిసారీ మరో సర్వీసులో వెతికి ‘దొరకలేదు’ అంటుంది. ఇంతా చేశాక ‘ప్లే మార్నింగ్ వన్’ అంటే చాలు, తప్పు పోదు. ఏదో ఒక్క పాట కావాలనిపిస్తే ఫోన్‌ను బ్లూటూత్‌తో కలిపి ఫోన్లోంచే పెట్టుకోవడం సులువు.

వార్తలనూ పాటలనూ కలిపి, ఒక్క మాటకు వరుసగా నడిచేలా ఒక రొటీన్ చేసుకుంటే పొద్దున్న పని తేలికవుతుంది. యాప్‌లో రొటీన్స్‌కి వెళ్లి, పలికే మాట ‘స్టార్ట్ మై డే’ అని పెట్టి, కింద వరుసగా వాతావరణం, క్యాలెండర్, వార్తలు, చివర పాటల జాబితా చేర్చండి. పాట ఎప్పుడూ చివరే ఉండాలి. దాని తర్వాత ఇంకేం జరగదు.

సినిమాలు చూడటానికి దీన్ని కొనొద్దు. ప్రైమ్ వీడియో, నెట్‌ఫ్లిక్స్ ఆడతాయి, కాని 8 అంగుళాల తెరను మంచం మీదనుంచి చూస్తే కింద అక్షరాలు కళ్లకు ఆనవు. రెండు మూడు అడుగుల దూరంలో కూర్చుని వంట వీడియోనో పాత ఇంటర్వ్యూనో చూసేందుకు బాగుంటుంది.

కుటుంబం కోసం వాడేటప్పుడు దీని నిజమైన బలం, నిజమైన ప్రమాదం ఒకే చోట ఉన్నాయి. కాల్ వస్తే ‘ఆన్సర్’ అంటే చాలు, కళ్లజోడు వెతుక్కుని ఆకుపచ్చ బొత్తం నొక్కే పనుండదు. మాట్లాడుతూ అటూ ఇటూ నడిచినా కెమెరా మనల్ని ఫ్రేమ్ మధ్యలో ఉంచుతుంది, మనవరాలు నేల మీద పాకుతుంటే ఫ్రేమ్ దానివైపే జరుగుతుంది. కాని ఇందులో వాట్సాప్ లేదు. అవతలివాళ్ల దగ్గర మరో ఎకో షో అయినా, ఫోన్‌లో అలెక్సా యాప్ అయినా ఉండాలి. కొనేముందే పిల్లల ఫోన్లలో ఆ యాప్ పెట్టించి, వాళ్లు నిజంగా వాడతారో లేదో చూసుకోండి. వాళ్లు వాడకపోతే ఈ పెట్టె సగం విలువ పోయినట్టే.

ప్రమాదం డ్రాప్ ఇన్ అనే దానితో. అనుమతి ఉన్నవాళ్లు కాల్ చేస్తే మనం ఎత్తకుండానే కాల్ కలిసిపోతుంది. టింగుమని ఒక శబ్దం, కొన్ని సెకన్లపాటు మసక తెర, ఆ తర్వాత మన గది వాళ్లకు కనిపిస్తుంది. దూరాన ఉన్న పిల్లలు ‘మీ క్షేమం కోసమే’ అని దీన్ని ఆన్ చేయమంటారు. వాళ్ల ఆందోళన నిజమే. కాని ఇంకా పని చేసుకుంటూ, తన ఇంట్లో తాను బతుకుతున్న మనిషి గదిలోకి తలుపు తట్టకుండా రావడం ఎవరికీ తగదు. యాప్‌లో ప్రతి కాంటాక్టుకూ విడివిడిగా ఈ అనుమతి ఉంటుంది. మామూలు రోజుల్లో అందరికీ ఆపేసి ఉంచండి. ఒంటరిగా ఉండి, పడిపోయే భయం ఉన్నవాళ్లయితే ఒక్కరికే ఇవ్వండి, అదీ ఇంట్లో ఉన్న మనిషి స్వయంగా తన చేత్తో ఆన్ చేయాలి. కెమెరా మీద జరిపే మూత ఒకటుంది, అది జరిపితే కెమెరా మూసుకుంటుంది, మైకు మాత్రం వింటూనే ఉంటుంది. పైనున్న మైకు బొత్తం నొక్కితే తెర కింద ఎర్ర గీత వస్తుంది, అప్పుడు రెండూ ఆగినట్టు. ఈ తేడా ఇంట్లో అందరికీ చెప్పాలి. ‘మూత వేశాను కదా’ అనుకుని స్వంత విషయాలు మాట్లాడేవాళ్లు చాలామంది. మన మాటల రికార్డింగులను ఎన్నాళ్లు దాచాలో యాప్‌లో అలెక్సా ప్రైవసీ కింద ఎంచుకోవచ్చు, దాచవద్దనీ చెప్పొచ్చు.

మాత్రలు వేసుకునే వేళకు రిమైండర్ పెడతారు చాలామంది, అక్కడే దెబ్బతింటారు. రిమైండర్ రెండుసార్లు చెప్పి ఊరుకుంటుంది. ఆ సమయంలో స్నానాల గదిలో ఉంటే అంతే సంగతులు. మాత్రలకు అలారమే పెట్టండి, అది మోగుతూనే ఉంటుంది. ‘ఎవ్రీ డే’ అని చేర్చి పెడితే రోజూ మోగుతుంది. అలారం మోత స్థాయి పాటల వాల్యూమ్‌తో కలిసి ఉండదు, సౌండ్స్ సెట్టింగుల్లో విడిగా ఉంటుంది. పాట గట్టిగా వినిపిస్తోంది కదా అని అలారమూ గట్టిగా మోగుతుందనుకోవద్దు, ఒకసారి పెట్టి విని చూడండి. మధ్యాహ్నం కునుకు తీసేవాళ్లు డూ నాట్ డిస్టర్బ్‌కు వేళలు పెట్టుకోవచ్చు. అది కాల్స్‌నూ కబుర్లనూ ఆపుతుంది కాని అలారాన్ని ఆపదు, కాబట్టి మాత్రల గురించి భయం లేదు.

నెమ్మదిగా మాట్లాడేవాళ్లు, వాక్యం మధ్యలో ఆగి గుర్తు తెచ్చుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల మాట పూర్తవకముందే ఇది జవాబు మొదలుపెట్టేస్తుంది, చాలా చిరాకు. యాక్సెసిబిలిటీలో అడాప్టివ్ లిజనింగ్ అన్నది ఆన్ చేస్తే కాస్త ఎక్కువసేపు ఆగి వింటుంది. దాని మాట వేగంగా అనిపిస్తే ‘స్పీక్ స్లోవర్’ అంటే చాలు, తగ్గించుకుంటుంది. వినికిడి తక్కువైనవాళ్లు అక్కడే క్యాప్షన్లు ఆన్ చేసుకోవచ్చు.

ఒక పోస్టుకార్డంత అట్ట తీసుకుని, ఇంట్లో రోజూ కావలసిన ఆరేడు ఆదేశాలను తెలుగు అక్షరాల్లో పెద్దగా రాసి తెర పక్కన నిలబెట్టండి: ‘అలెక్సా, స్టాప్’, ‘అలెక్సా, స్టార్ట్ మై డే’, ‘అలెక్సా, ప్లే మార్నింగ్ వన్’, ‘అలెక్సా, వాల్యూమ్ ఫైవ్’, ‘అలెక్సా, ఆన్సర్’, ‘అలెక్సా, హ్యాంగప్’. అన్నిటికంటే పైన ‘స్టాప్’ ఉండాలి. దాన్ని ఎలా ఆపాలో తెలిసిన రోజే భయం పోతుంది, మిగతావన్నీ వాడుతుంటే అవే వస్తాయి.

ఫొటోల సంగతి ఒకటి. ఫోన్‌లోని ఫొటోలన్నీ ఇచ్చేయొద్దు, కరెంటు బిల్లు, మందుల చీటీ, స్క్రీన్‌షాట్లు కూడా హాల్లో తిరుగుతాయి. నలభై యాభై ఫొటోలతో ఒక ఆల్బం విడిగా చేసి దాన్నే చూపమనండి. అడ్డంగా తీసినవే ఏరండి, నిలువు ఫొటోలు ఈ తెరలో ఇమడవు. నెలకోసారి పది తీసి పది కొత్తవి పెడితే అటువైపు వెళ్లినప్పుడల్లా కన్ను ఆగుతుంది.

మొరాయిస్తే ముందు ప్లగ్గు పీకి అర నిమిషం ఆగి మళ్లీ పెట్టండి, చాలావరకు అక్కడితో సరి. అప్పటికీ లొంగకపోతే మైకు బొత్తాన్నీ, వాల్యూమ్ తగ్గించే బొత్తాన్నీ కలిపి ఒక పదిహేను సెకన్లు, అమెజాన్ పేరు తెర మీద కనబడేదాకా నొక్కి పట్టుకోవాలి. ఇలా చేస్తే పెట్టినవన్నీ చెరిగిపోయి కొత్తదానిలా మొదలవుతుంది, కాబట్టి ఇది ఆఖరి ప్రయత్నం మాత్రమే. వేరేవాళ్లకు ఇచ్చేసేటప్పుడు మాత్రం ఇది తప్పనిసరి, యాప్‌లోంచి డీరిజిస్టర్ కూడా చేయాలి, అంటే మీ ఖాతానుంచి తెంచేయాలి. లేకపోతే మీ మనవల ఫొటోలు వాళ్ల హాల్లో తిరుగుతాయి.