మూడేళ్ల పిల్లకి జూ పార్కా, పెట్టింగ్ జూనా, ఊరా? ఏది మేలు?

ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో ఇదే పంచాయితీ. మా ఆయన హైదరాబాద్ బహదూర్‌పురా జూ పార్కుకి పోదామంటారు, మా ఆడపడుచు మేకల్నీ కుందేళ్లనీ ముట్టుకుని మేత పెట్టనిచ్చే, ఊరి బయట ఉన్న పెట్టింగ్ జూకి అంటుంది, మా అత్తగారేమో ఆ డబ్బులు పెట్రోలుకి పోస్తే మన ఊళ్లో మేకలు ఊరికే కనబడతాయి కదా అంటారు. మూడింటికీ పాపని తీసుకెళ్లాక నా ఓటు పెట్టింగ్ జూకే. అది కూడా నాలుగైదేళ్ల లోపు పిల్లలకి, చూసి ఎంచుకుంటేనే.

జూ పార్కు 1963లో తెరిచారు, 380 ఎకరాలు. మనకి అదే గొప్ప, చంటిపిల్లకి అదే అవస్థ. ఏనుగు వరకూ సరే, కళ్ల నిండా కనబడుతుంది. పులి ఎక్కడో నీడన పడుకుని ఉంటే మనం "అదిగో అదిగో" అని వేలు చూపిస్తాం, వాళ్లు ఆ వేలినే చూస్తారు. అక్కడ జంతువులకి ఏమీ పెట్టకూడదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే ఒప్పుకోదు. అది మంచిదే, కాకపోతే ఈ వయసు పిల్లలకి ముట్టుకోనిదే చూసినట్టుండదు. కాస్త పెద్దయి, ఇది ఏం తింటుంది, ఎందుకు అరుస్తుంది అని అడగడం మొదలెట్టాక జూకి తీసుకెళ్తే రోజంతా సరిపోదు. ఎప్పుడెళ్లినా సోమవారం మాత్రం పెట్టుకోకండి, సెలవు.

ఇక పెట్టింగ్ జూ. మనిషికి కొన్ని వందలు తీసుకుంటారు, చుట్టూ తిరిగితే గంటన్నరలో అయిపోతుంది, ఆ గంటన్నరే పిల్లల ఓపిక కూడా. మా పాప మొదట ఆకు కొసని రెండు వేళ్లతో పట్టుకుని చెయ్యి చాపింది, మేక మూతి దగ్గరకి రాగానే పిడికిలి బిగించి నా కాళ్ల వెనక్కి దూరింది. అరచెయ్యి చాపి మధ్యలో ఆకు పెట్టమన్నాం. మేకకి పైదవడ ముందు భాగంలో పళ్లుండవు, పెదాలతోనే లాక్కుంటుంది, చక్కిలిగింతలు తప్ప ఏమీ కాదు (వేలు లోపలికి పెడితే మాత్రం దవడ పళ్లు ఉంటాయి, జాగ్రత్త). పొట్టి గుర్రం (పోనీ) అలా కాదు, దానికి పైనా కిందా పళ్లే, అక్కడ మేత పెట్టే చెయ్యి పిల్లది కాదు, పెద్దవాళ్లదే అయ్యుండాలి.

టికెట్ కొనేముందు నేను చూసేది ముందు కుళాయి, సబ్బు. ఆరోగ్యంగా కనబడే మేక పేడలో, కోడి, బాతు రెట్టలో కూడా ఇ.కొలై, సాల్మొనెల్లా లాంటి జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు, అయిదేళ్ల లోపు పిల్లలకి అవి సోకితే ముదిరే ప్రమాదం ఎక్కువ. శానిటైజర్ రాసేసి ఊరుకుంటే చాలదు, సబ్బు, నీళ్లు ఉండాల్సిందే. పాలసీసా, బిస్కెట్లు లోపల తీయొద్దు. తర్వాత కుందేళ్లని చూడండి: దాక్కోవడానికి ఒక గూడైనా ఉందా, లేక పొద్దుణ్ణించీ ఒకరి ఒళ్లోంచి ఇంకొకరి ఒళ్లోకి వేస్తున్నారా? కుందేలుకి ఎత్తుకోవడం నచ్చదు, గింజుకుంటే దాని నడుమే విరగొచ్చు. పంజరంలో మన రామచిలుకో నక్షత్ర తాబేలో కనబడితే అటునుంచి అటే వెనక్కి వచ్చేయండి, వాటిని అలా పెంచడం చట్టరీత్యా నేరం. ఆ మాత్రం పట్టించుకోనివాళ్లు కుళాయిలో నీళ్లు వస్తున్నాయో లేదో ఏం చూస్తారు?

అత్తగారి మాట తీసెయ్యలేను. పేడ వాసన, పాలు పితకడం, కోడి వెనక పిల్లల వరస, ఇవి టికెట్టు పెట్టి చూసేవి కావు. కానీ అత్తగారి లెక్కలో ఉన్నది ఆవిడ చిన్నప్పటి ఊరు. ఇప్పుడు మా వీధిలో పాడి ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైగా పక్కన దూడ ఉన్న ఆవు కొత్త మనుషుల్ని దగ్గరికి రానివ్వదు, కొమ్ము విసురుతుంది, వీధికుక్కల టెన్షన్ వేరే. పండక్కి ఎలాగూ వెళ్తాం, అప్పుడు ఎత్తుకుని చూపిస్తే చాలు.

పెట్టింగ్ జూకి పొద్దున్నే, తెరవగానే వెళ్లండి. మధ్యాహ్నానికి అందరూ పెట్టిన మేతతో మేకల కడుపు నిండిపోతుంది, పిలిచినా రావు, పిల్లలు ఏడుపు. పాపకి ఒక జత బట్టలు ఎక్కువ పెట్టుకోండి, మీరు చున్నీ వేసుకెళ్లొద్దు, ఆకులు అయిపోయాక మేకలు దాని మీద పడతాయి.