హెస్సే టీషర్టు: ముఖం నిలిచింది, పేరు రాలుతోంది

ఈ టీషర్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బొమ్మ కింద ఉన్న పేరు. గుడ్డ, సైజు, కుట్టు సంగతులు అమ్మేవాళ్ల పేజీలోనే ఉంటాయి. జర్మనీలో పుట్టిన రచయిత హెర్మన్ హెస్సే టీషర్టులు ఆన్‌లైన్‌లో చాలానే దొరుకుతాయి గానీ, వాటిలో ఎక్కువ వాటి మీద ఆయన అన్నాడో లేదో తెలియని వాక్యమొకటి పెద్ద అక్షరాల్లో పరిచి ఉంటుంది. దీని మీద అది లేదు. సన్న గీతల్లో ముఖం, గుండ్రటి కళ్లద్దాలు, కింద పూర్తి పేరు. అందుకే కొన్నాను.

ఒడిశాలోని మా గుణుపురంలో ఆ పేరు లేకపోతే ఆయనెవరో తెలియదు. కళ్లద్దాలు చూసి గాంధీగారనుకున్నవాళ్లే ఎక్కువ. "ఎవురు బాబూ ఈయన?" అని అడిగితే 'సిద్ధార్థ' రాసినాయన, 1946లో నోబెల్ వచ్చింది అని చెప్తాను. ఓ బ్రాహ్మణ కుర్రాడు ఇల్లు విడిచి, సన్యాసుల్లో తిరిగి, వ్యాపారం చేసి, చివరికి ఏటి ఒడ్డున పడవ నడుపుతూ తనని తాను తెలుసుకుంటాడంటే, వంశధార పక్కన పెరిగినవాళ్లు ఆ కథ ఇట్టే అందుకుంటారు.

అసలు ఆనందం నౌపడ నుంచి వచ్చే రైల్లో దొరికింది. పర్లాకిమిడి దాటాక, ఎదురు సీటులో ఉన్న పెద్దాయన నా చొక్కా మీది పేరు చదివి, "గుండర్ట్ మనవడు కదా?" అని ఇంగ్లీషులో అడిగారు. ఆయనది కేరళలోని తలశ్శేరి. ఇక్కడ టీచరుగా ఉన్న కూతుర్ని చూడ్డానికి వస్తున్నారట. హెస్సే నవల ఒక్కటీ చదవలేదు. కానీ హెస్సే తాత హెర్మన్ గుండర్ట్ వాళ్ల ఊళ్లో ఉండి మలయాళ నిఘంటువు తయారుచేశారనీ, అది 1872లో అచ్చయిందనీ, హెస్సే తల్లి మేరీ 1842లో తలశ్శేరిలోనే పుట్టిందనీ సొంత చుట్టాల సంగతి చెప్పినట్టు చెప్పారు. ఎక్కడో జర్మనీలో పుట్టినాయనకి మన ఏరూ పడవా అంత బాగా ఎలా పట్టుబడ్డాయా అని ఆ పుస్తకం చదివినప్పుడల్లా అనుకునేవాణ్ని. 1911లో హెస్సే ఓడెక్కి సిలోన్, సుమత్రా దాకా వచ్చి, తల్లి పుట్టిన తీరం చూడకుండానే వెళ్లిపోయాడని నేను చెప్తే, "అయ్యో, అంత దగ్గరకి వచ్చి!" అని పెద్దాయన చాలాసేపు బాధపడ్డారు. దిగేదాకా అదే మాట. ఒక టీషర్టు వల్ల నాకింత దక్కుతుందని అనుకోలేదు.

అందుకే ఇప్పుడు ఆ పేరే పోతుంటే ప్రాణం ఉసూరుమంటోంది. ఈ ప్రింటుకి తిరుగు లేదని కొత్తలో అందరికీ చెప్పాను. ముఖం వరకు ఆ మాట ఇప్పటికీ నిజమే. ఆ రంగు గుడ్డలోకి ఇంకిపోయింది, తడిమితే చేతికి తగలదు, గుడ్డ వెలిసినంతే వెలిసింది. పేరు అలా కాదు, వేడితో పైన అతికించిన ప్లాస్టిక్ పొర. ఇస్త్రీ బండి మీద బొగ్గుల పెట్టె తగిలిన రోజు అంచులు లేచాయి. అప్పట్నుంచి ప్రతి ఉతుక్కీ కొంచెం కొంచెం ఊడుతూ, ఇంటిపేరులో చివరి అక్షరాలు సగమే మిగిలాయి. తిరగేసి ఇస్త్రీ చెయ్యాలని లేబుల్ మీద ఎక్కడా లేదు. అమ్మినవాళ్లకి ఫోటో పంపితే మార్చుకునే గడువు దాటిపోయిందన్నారు. ముఖానికి వేసిన రంగే పేరుకీ వేసి ఉంటే ఈ బాధే లేదు కదా!

మాది ఎండా చెమటా ఎక్కువున్న ఊరు, ఏ బట్టకైనా ఉతుకు ఎక్కువే పడుతుంది. ఇస్త్రీ లేకుండా తొడుక్కునేవాళ్లకీ, భువనేశ్వర్‌లోనో విశాఖలోనో ఏసీ ఆఫీసులో ఉండేవాళ్లకీ పేరు ఇంకొన్నాళ్లు నిలవచ్చు. బొమ్మ చాలనుకుంటే కొనుక్కోండి. నాలాగా పేరు కోసమే అయితే, మొత్తం గుడ్డలోకి ఇంకిపోయే రంగుతో వేసినది దొరికేదాకా ఆగమంటాను. నాదాని మీద పోయిన అక్షరాలు బట్టల రంగుతో మళ్లీ రాసిపెట్టమని పర్లాకిమిడిలో బోర్డులు రాసే ఒకాయన్ని అడిగాను. పండగ పనులు అయ్యాక తెమ్మన్నారు.