ధరల వార్తను సరిచూసుకోవడానికి ఇ-సాంఖ్యికి పోర్టల్ ఎంతవరకు పనికొస్తుంది?

2025 అక్టోబరులో రిటైల్ ద్రవ్యోల్బణం 0.25 శాతానికి దిగింది. 2012 ఆధార సంవత్సరంగా, అంటే ఆ ఏడాది ధరలను 100 అనుకుని, లెక్కించిన సిరీస్‌లో అదే అత్యల్పం. ‘రికార్డు కనిష్ఠం’ అన్న శీర్షిక చదివినవాళ్లకు అది ‘ధరలు తగ్గాయి’ అనే అర్థమవుతుంది. తీరా కిరాణా బిల్లు చూస్తే తగ్గదు. దాంతో ప్రభుత్వ లెక్క బూటకమనో, కొట్టువాడు దోచుకుంటున్నాడనో అనుకుంటారు. చాలాసార్లు ఆ రెండూ నిజం కావు. శీర్షిక ఒక్క శాతాన్నే చెప్పి, అది దేనితో పోల్చిన శాతమో వదిలేస్తుంది.

ఆ వదిలేసిన ముక్క దొరికే చోటు కేంద్ర గణాంక శాఖ 2024 జూన్‌లో తెచ్చిన ఇ-సాంఖ్యికి. అందులో ‘మాక్రో ఇండికేటర్స్’లోకి వెళ్లి వినియోగదారుల ధరల సూచీని ఎంచుకోండి. ఆధార సంవత్సరం 2012, రాష్ట్రం దగ్గర ఆల్ ఇండియా, సెక్టార్ దగ్గర కంబైన్డ్ (పల్లెలు, పట్టణాలు కలిపి) పెట్టి, 2023, 2024, 2025 అక్టోబరు నెలలు తీయండి. సూచీ, ద్రవ్యోల్బణ శాతం రెండూ వస్తాయి. వార్తల్లోకెక్కేది శాతం. మనం చూడాల్సింది సూచీ.

శాతం ఏడాది కిందటి అదే నెలతో పోల్చినది. 2024 అక్టోబరులో ద్రవ్యోల్బణం 6.21 శాతం. అంటే 2023 అక్టోబరులో 100 రూపాయలైన సరుకులు 2024లో 106 రూపాయల 21 పైసలు, 2025లో దాదాపు 106 రూపాయల 48 పైసలు. ఆ ఏడాది ధరలు పెరగడం దాదాపు ఆగిందే తప్ప వెనక్కి రాలేదు. కూరగాయల లెక్క ఇంకా బాగా కళ్లు తెరిపిస్తుంది. 2024 అక్టోబరులో అవి 42.18 శాతం పెరిగాయి, 2025 అక్టోబరులో 27.57 శాతం తగ్గాయి. 100 రూపాయల కూరగాయలు 142 దాకా వెళ్లి 103 దగ్గరికి వచ్చాయి. ‘27 శాతం తగ్గుదల’ నిజమే, కానీ రెండేళ్ల కిందటి ధర కంటే మూడు రూపాయలు ఎక్కువే. ఈ ఒక్క లెక్క కోసమైనా పోర్టల్ తెరవొచ్చు.

జీడీపీకీ ఇదే పద్ధతి. 2021 ఏప్రిల్-జూన్‌లో 20.1 శాతం వృద్ధి అని మోగిపోయింది. అప్పటి విలువ 32.38 లక్షల కోట్ల రూపాయలు. కొవిడ్‌కు ముందు, 2019లో అదే త్రైమాసికంలో 35.66 లక్షల కోట్లు. మధ్యలో లాక్‌డౌన్ ఏడాది 26.95 లక్షల కోట్లకు పడిపోవడం వల్లే అంత పెద్ద శాతం కనిపించింది.

లోపాలూ ఉన్నాయి. తెలుగు లేదు, అది పెద్ద కొరత. వార్త చదివి బెంబేలెత్తే మనిషికే ఇది అందాలి, కానీ ఇంగ్లిష్ పట్టికలు చదవగలిగినవాళ్లకే అందుతోంది. కిలో టమాటా ఎంతో రూపాయల్లో చెప్పదు, సూచీయే ఇస్తుంది. వేర్వేరు ఆధార సంవత్సరాల సూచీలను పక్కపక్కన పెట్టి తీసివేస్తే లెక్క పూర్తిగా తప్పుతుంది, కాబట్టి డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఆ గడి రెండుసార్లు చూసుకోండి. తాజా నెల అంకె తాత్కాలికమే, తర్వాత కాస్త మారవచ్చు. జాతీయ అంకెతో ఆగిపోకుండా రాష్ట్రం గడి కూడా మార్చి చూడాలి. 2025 జూన్‌లో తెలంగాణలో ద్రవ్యోల్బణం మైనస్ 0.93 శాతం, దేశం మొత్తానికి మాత్రం 2 శాతం పైనే.

షేర్ మార్కెట్ శీర్షికలకు ఈ పోర్టల్ సాయపడదు. ‘లక్షల కోట్లు ఆవిరి’ అని చూసినప్పుడు సెన్సెక్స్ పడిన పాయింట్లను ముందురోజు ముగింపు అంకెతో భాగించి శాతం చూడండి. 2024 జూన్ 4న సెన్సెక్స్ 4,390 పాయింట్లు పడింది, అది 5.74 శాతం. 1992 ఏప్రిల్ 28న పడింది 570 పాయింట్లే, కానీ అది 12.77 శాతం.